మిద్దెల ఆట, మూడు డబ్బాలు

ఆ రోజుల్లో నా లెక్క చాలా సులువుగా ఉండేది. ఒక వస్తువును మనుషుల ముందు పెడితే కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు, అంతే. కాలేజీ నుంచి అప్పుడే బయటపడిన పిల్లకు లోకం గురించి అంతకంటే ఎక్కువ తెలియాల్సిన పని లేదనుకునేదాన్ని. ఇప్పుడు పక్కన నా కూతురు నిద్రపోతోంది. నిద్రపోతోందనే అనుకుంటున్నాను (ఈ వాక్యం మధ్యలో లేచి ఒకసారి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను). ఇంకా రెండేళ్ళు నిండలేదు, అప్పుడే సోఫా చేతి మీంచి టీవీ బల్ల మీదికి, అక్కడి నుంచి కిటికీ ఊచల మీదికి పాకుతుంది. పైకి చేరాక వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వి, చేతులు వదిలేస్తుంది. ఇలాంటి పిల్లల్ని ఏం చేయాలని ఫోనులో వెతికితే తల్లుల అభిప్రాయాలు కుప్పలుగా వస్తాయి. 'ఎక్కనివ్వండి, ధైర్యం వస్తుంది' అని ఒకామె. 'ఎక్కనివ్వకండి, మా వాడికి కుట్లు పడ్డాయి' అని ఇంకొకామె. ఆ కుట్లు పడ్డ పిల్లవాడి తల్లే కింద మళ్ళీ 'అయినా వాడు ఎక్కుతుంటే చూడముచ్చటగా ఉంటుంది' అని రాస్తుంది. ఇవన్నీ చదివి, ఏమీ తేల్చుకోలేక ఫోను బోర్లా పెట్టినప్పుడల్లా నాకు నా మొదటి ఉద్యోగం గుర్తుకొస్తుంది. అక్కడ నాకు జీతమిచ్చింది సరిగ్గా ఇలాంటి అయోమయానికే.

మాది తమిళనాడు ధర్మపురిలో చింతపండు మండీ. మా పెద్దవాళ్ళు ఎన్ని తరాల కిందట ఏ ఊరి నుంచి ఇక్కడికి వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం మాత్రం నా ఒక్కదానికే వచ్చు, అదీ కాలేజీ హాస్టల్లో నాతో గది పంచుకున్న చిత్తూరు పిల్ల నేర్పితే. (ఇందులో ఒక సౌకర్యం ఉంది. నాయన గురించి నేనిక్కడ ఏం రాసినా నాయన చదవలేడు.) మండీలో నాయన, నాయన వెనక గోడకు ఆనుకుని అవ్వ. అవ్వకు బేరంతో సంబంధం లేదు, గింజలు ఏరుతూ కూర్చుంటుంది, కానీ ఆమె చెవిలో పడని బేరం ఆ మండీలో జరగలేదు.

నాకు ఉద్యోగం దొరికింది బస్టాండు వెనక వీధిలో, పైపుల అంగడి మీది గదిలో. ఆ ఆఫీసు నడిపే ఆయన్ని మేమందరం చార్జర్ అన్న అనేవాళ్ళం. ఎప్పుడు చూసినా మెడలో డాక్టరు గొట్టంలాగా లాప్‌టాప్ చార్జరు వేలాడుతుండేది. ఉద్యోగం సంగతి చెప్పిన రోజు నాయన త్రాసు ముందు నుంచి కదలకుండానే అడిగాడు. "మన అంగట్లో కూచోని లెక్క చూస్తే కాదా? లేదంటే మీ అత్త చెప్పినట్ల సేలంలో బి.ఎడ్. చేరు. టీచరమ్మ అంటే ఎవురికైనా అర్థమౌతాది. మీ పాప ఏం పని చేస్తాదని నన్ను అడిగితే నేనేమని చెప్పేది?" నేను ఏడుపు మొహం పెట్టాను (అది నాకు బాగా వచ్చు). చివరికి నాయన ఒక గడువు పెట్టాడు. "ఆయుధపూజ దాకా చూస్తాను. అంతలోపల ఆ పని ఏమో నాకు అర్థమయ్యేటట్ల చెప్పు. చెప్పలేకపోతే సేలానికి బస్సెక్కు." నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ పనేమిటో నాకే అర్థం కావాలన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పనేమిటంటే, బెంగళూరులో ఎవరో ఒక పాత వీడియో గేమును బాగుచేసి మళ్ళీ అమ్మాలనుకుంటున్నారు. నేను స్కూల్లో ఉన్నప్పుడు వచ్చిన గేమట. అది ఆడినవాళ్ళు ఇన్నేళ్ళుగా ఇంటర్నెట్టులో రాసుకున్న అభిప్రాయాలన్నీ మా ఆఫీసుకు పంపించారు. ఒక్కొక్కటీ చదివి కంప్యూటరు తెర మీద ఉన్న మూడు డబ్బాల్లో ఒకదాంట్లో వేయాలి: ఇష్టం, అయిష్టం, తెలియదు. చార్జర్ అన్న ఆ గేమును రెండు ముక్కల్లో వర్ణించాడు. "ఒక అమ్మాయి మేడల మీద పరిగెత్తుతుందిమ్మా. మన కళ్ళే ఆమె కళ్ళు. అంతే." అంటే ఆమె మొహం మనకు కనబడదు, పరిగెత్తే చేతులు, దూకేటప్పుడు కాళ్ళు, అంతవరకే. ఒక మేడ నుంచి ఇంకో మేడకు దూకాలి, గోడ మీద నాలుగడుగులు పరిగెత్తాలి, పైపు పట్టుకుని జారాలి. ఊరంతా తెల్లగా ఉంటుంది, ఎక్కడ ఎర్రరంగు కనిపిస్తే అది దారి. వింటే ఇదేదో సులువుగానే ఉందనిపించింది. ఒళ్ళో సంచీ పెట్టుకుని, మొదటి అభిప్రాయం తెరిచాను.

'పరుగు అమృతం. కొట్లాట విషం. కథ ఎందుకు పెట్టారో దేవుడికి తెలియాలి. పదికి పది.' మళ్ళీ ఒకసారి చదివాను. అమృతం ఒకటి, విషం ఒకటి, దేవుడికి వదిలేసింది ఒకటి. మరి పదికి పది ఎక్కడి నుంచి వచ్చింది? 'తెలియదు'లో వేశాను. రెండోది: 'తల తిరిగి వాంతి చేసుకున్నాను. మా తమ్ముడికి కూడా ఒకటి కొనిచ్చాను.' (తమ్ముడి మీద ప్రేమా, పగా?) 'తెలియదు.' ఇంకొకతను: 'వచ్చిన కొత్తల్లో అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు, నేను ఇంకా తిడుతున్నాను. అప్పుడూ ఆడేవాణ్ణి, ఇప్పుడూ ఆడుతున్నాను.' ఒకతనికి ఎరుపు సరిగా కనబడదట. దారి తెలియక ప్రతి గోడకూ గుద్దుకుని, ప్రతి అంచు మీంచీ పడి, ఆ ఊరిని గుడ్డివాడు ఇల్లు నేర్చుకున్నట్టు నేర్చుకున్నానని రాసి, చివర 'దయచేసి ఈ ఆటలో ఏమీ మార్చకండి' అన్నాడు. అది చదివి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నీళ్ళు తిరిగితే ఏ డబ్బాలో వేయాలో చార్జర్ అన్న చెప్పలేదు. సాయంత్రానికి నా 'తెలియదు' డబ్బా మా మండీలో పండగ ముందటి మూటల్లాగా నిండిపోయింది. అన్న వచ్చి చూసి చార్జరు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన అలా చేస్తే కోపం వచ్చినట్టు. "ఎన్నమ్మా, ఏమిటిది? అన్నీ తెలియదంటే నాకు నువ్వెందుకు? నాక్కూడా తెలియదు కదా!" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం దగ్గర, నాయనకు పని అర్థమయ్యేలా చెప్పాలన్న గడువు కూడా ఉంది కాబట్టి, ఆ అభిప్రాయాలను తెలుగు చేసి ఒక్కొక్కటీ వినిపించాను. నాయన ముద్ద నోటి దగ్గర ఆపేసి, "మిద్దె ఎక్కేదానికి మెట్లు లేవా ఆ ఊర్లో?" అన్నాడు. అమ్మ, "ఆ పిల్ల ఏం దొంగిలించింది, అట్ల తరుముతా ఉండారు?" అంది. అవ్వ ఒక్కతే శ్రద్ధగా విన్నది. విని, చెయ్యి కడుక్కుని, నన్ను దగ్గరికి పిలిచింది. "పాపా, మన అంగట్లో నువ్వు చూడలేదా? సరుకు కొనేదానికి వచ్చినవాడు ఒక తుంట నోట్లో వేసుకోని మొహం ఎట్ల పెడతాడు? ఇదేం పండు, ఇది కట్టె, ఇది మన్ను అని తిట్టి తిట్టి పోస్తాడు. వాడే మూట ఎత్తేది. 'బాగుండాది అవ్వా, సూపరు' అని చెప్పి చెయ్యి తుడుచుకోని దిగిపోతాడు సూడు, వాడు మళ్ళా ఈ పక్క రాడు." నాకు గుండెలో దీపం వెలిగినట్టయింది. నిజమే! పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పాపారపట్టి నుంచి వచ్చే ఒకాయన మా సరుకును తిట్టని సీజను లేదు, మా దగ్గర కొనని సీజనూ లేదు. కాలేజీలో నేర్పనిది మా ఇంట్లోనే ఉంటే పక్కన పెట్టుకుని ఏడుస్తున్నానే అనుకున్నాను.

మర్నాడు నేను పని చేసిన వేగం ఆ ఆఫీసు ఎన్నడూ చూసి ఉండదు. పేరాలకు పేరాలు తిట్టినవాళ్ళందరినీ 'ఇష్టం'లో వేశాను. 'సూపర్', 'బాగుంది', 'మంచి గేమ్' అని ఒక్క ముక్క రాసి పోయినవాళ్ళందరినీ 'అయిష్టం'లో వేశాను. 'తెలియదు' డబ్బా ఖాళీ అయిపోయింది. చార్జర్ అన్న ఆ ఖాళీ డబ్బాను చూసి ఎంత మురిసిపోయాడంటే, లోపల ఏముందో చూడకుండానే బెంగళూరుకు పంపించేశాడు, కింది అంగడి నుంచి నాకు టీ కూడా తెప్పించాడు.

రెండు రోజుల తర్వాత బెంగళూరు మేడం వీడియో కాల్‌లోకి వచ్చారు. సన్నటి కళ్ళద్దాలు, మెల్లటి గొంతు. "మీ ఫలితాలు చాలా కొత్తగా ఉన్నాయి," అన్నారు. అన్న నా వంక గర్వంగా చూశాడు. "ఒకటి చదువుతాను. 'ఇంత దరిద్రమైన ఆట నేను చూడలేదు. నా డబ్బు నాకు తిరిగి ఇవ్వండి. డిస్కును కిటికీలోంచి విసిరేశాను.' ఇది మీరు 'ఇష్టం'లో వేశారు. ఎందుకని?" అన్న చెయ్యి మెల్లగా చార్జరు మీదికి పోవడం కంటి చివర కనిపించింది. నేను నోరు తెరిచాను. "మేడం, కిటికీలోంచి విసిరేశాడు కదా... పగలగొట్టలేదు కదా... మళ్ళీ దిగిపోయి తెచ్చుకుని ఉంటాడేమోనని..." అన్నాను. మేడం ఇంకొకటి చదివారు. "ఈమె 'మంచి గేమ్, నా కొడుకుకు చాలా నచ్చింది' అని రాసింది. ఇది 'అయిష్టం'." నేను, "ఆమె చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయినట్టు అనిపించింది మేడం," అన్నాను. ఎక్కడి చెయ్యి, ఎందుకు తుడుచుకోవడం, ఇవేమీ ఆవిడకు తెలిసే దారి లేదు. నేను మా మండీ సంగతి, పండు నమిలి మొహం చిట్లించడం, అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు. మేడం ఆసాంతం విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అలాగా," అన్నారు. కాల్ అయిపోయింది. ఆ 'అలాగా'ను ఏ డబ్బాలో వేయాలో నాకూ తెలియలేదు, అన్నకూ తెలియలేదు. "మేడం నవ్విందా?" అని ఆయన నన్ను అడిగాడు. "మీరు చూడలేదా అన్నా?" అని నేను ఆయన్ని అడిగాను. చివరికి ఆయన తన సొంత లాప్‌టాప్ నా చేతిలో పెట్టాడు. "దీంట్లో ఆ గేమ్ ఉంది. ఆయుధపూజకు సెలవులే కదా, ఇంటికి పట్టుకుపో. ముందు ఒకసారి ఆడమ్మా. ఆడి, అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెయ్యి. ఈసారి కూడా తలకిందులైతే నేనేం చేయలేను."

అంటే ఇటు ఆఫీసులో గడువు, అటు నాయన గడువు, రెండూ ఒకే పండగ మీద వచ్చి కూర్చున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం మండీ వెనక గదిలో, బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆట మొదలుపెట్టాను. మొదటి మేడ అంచు దాకా బాగానే పరిగెత్తాను. అంచు మీద కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎంతో కింద చీమల్లాంటి కార్లు. కూర్చున్నది చింతపండు బస్తా మీదే అయినా నా అరికాళ్ళు చల్లబడ్డాయి. దూకాను, అందలేదు, గాలి హోరుమంది, నేల పైకి లేచి వచ్చింది. వెనక నుంచి "అయ్యో నా బిడ్డా!" అని కేక. అవ్వ ఎప్పుడు వచ్చి నిలబడిందో, కొంగుతో కళ్ళు మూసుకుని ఉంది. "దూకొద్దు పాపా, వొద్దు, వెనక్కి రా!" నేను మళ్ళీ దూకాను, మళ్ళీ పడ్డాను, అవ్వ మళ్ళీ అరిచింది. ఆ అరుపులు విని నాయన వచ్చాడు. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "థూ. ఇదొక ఆటా? బుద్ధి ఉండేవాడు ఎవుడన్నా ఇట్ల దూకుతాడా? నువ్వేమి, అంచు దాకా పొయ్యి నిలబడిపోతా ఉండావు? వేగం తగ్గిస్తే అందుతాదా? ఇట్లియ్యి."

ఇచ్చాను. నాయన ఎలుకను (ఆయన దాన్ని ఎప్పుడూ మౌస్ అనలేదు) తూకపురాయి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదటిసారి గోడకు గుద్దుకున్నాడు. రెండోసారి నేరుగా ఆకాశంలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆట తయారుచేసినవాళ్ళను తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టాడు. "ఈ గోడ ఈడ ఎందుకు కట్టినాడు? ఇల్లు కట్టేవాడు ఎవుడన్నా ఇట్ల కడతాడా? ఇంకొకసారి పెట్టు." పెట్టాను. "ఈ పోలీసు యాడనుంచి వచ్చినాడు? నేనేమి చేసినాను వానికి? ఇంకొకసారి పెట్టు." అంతలో ముందు నుంచి ఎవరో పిలిచారు. మమ్మల్ని ప్రతి సీజనూ తిట్టే పాపారపట్టి ఆయనే. "ఏమి సెట్టియారే, సరుకు చూపిస్తారా లేదా?" నాయన తల కూడా తిప్పలేదు. "రేపు రా," అన్నాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ గిరాకీని రేపు రమ్మనడం మా వంశంలో ఎవరూ చేయని పని. అవ్వ కొంగు కళ్ళ మీంచి తీసేసి కొడుకును వింతగా చూసింది. పాపారపట్టి ఆయన వెళ్ళిపోకుండా గదిలోకి తొంగిచూసి, "సెట్టియారే, ఆ ఎర్ర పైపు పట్టుకోండి, ఎర్ర పైపు!" అని అరిచాడు. నాయన పట్టుకున్నాడు. అవతలి మేడ మీద పడి, దొర్లి, లేచి పరిగెత్తాడు. గదిలో మేమంతా చప్పట్లు కొట్టాం.

చీకటి పడే వేళకు లాప్‌టాప్ చార్జింగు అయిపోతే తప్ప నాయన లేవలేదు. లేచి నడుం పట్టుకుని, "చెత్త ఆట," అన్నాడు. నేను అడిగాను, "నాయనా, నీది ఏ డబ్బాలో వెయ్యాల?" ఆయన నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూశాడు. "చెత్త అని చెప్పినాను గదా." గుమ్మం దాకా పోయి ఆగాడు. "ఆ రెండో మిద్దె కాడ కుడిపక్క నుంచి దూకి ఉండాల్సింది, కాదా?"

ఆ సెలవుల్లోనే కూర్చుని అభిప్రాయాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. చిత్రంగా, ఈసారి కూడా నాకు ఏదీ సరిగ్గా తేలలేదు, కానీ ఎందుకు తేలడంలేదో మాత్రం కొంచెం తెలిసింది. కిటికీలోంచి విసిరినవాడు నిజంగానే విసిరేశాడు. అతన్ని 'అయిష్టం'లో వేశాను (క్షమించమని మనసులో అనుకుని). కొడుక్కు నచ్చిందన్న తల్లిని 'ఇష్టం'లో వేశాను. మిగిలినవాళ్ళ కోసం నాలుగో డబ్బా ఒకటి చేసి, దానికి 'తిడుతూ ఆడేవాళ్ళు' అని పేరు పెట్టాను. నాలుగో డబ్బా పెట్టమని నన్ను ఎవరూ అడగలేదు. ఉద్యోగం పోతే ఈ డబ్బా వల్లే పోతుందని భయపడుతూనే చార్జర్ అన్నకు పంపించాను.

ఆయుధపూజ రోజు మండీ కడిగి, త్రాసులు, తూకపురాళ్ళు, బిల్లుల మిషను, అవ్వ కత్తిపీట అన్నీ వరుసగా పెట్టారు. నాయన చందనం గిన్నె పట్టుకుని ఒక్కొక్కదానికీ బొట్టు పెడుతున్నాడు. ఇదే సమయమని నేను నా పని గురించి చెప్పడం మొదలుపెట్టాను. రాత్రంతా మనసులో అనుకున్న వాక్యాలు ఒక్కటీ సరిగా రాలేదు. "జనం ఏమి అనుకుంటా ఉండారో తెలుసుకునే పని నాయనా... వాళ్ళు చెప్పేది ఒకటి, అనుకునేది ఒకటి..." నాయన అందుకున్నాడు. "ఇదొక పనా? ఎవుడో మిద్దె మీంచి పడితే, వాడు సంతోషంగా పడినాడా, ఏడ్చుకుంటా పడినాడా అని ఎంచేది ఒక పనా? రేపు ఆ ఆఫీసు మూసేస్తారు, చూస్తా ఉండు. ఆ చార్జరోడు నీకేమన్నా పింఛను ఇస్తాడా? మీ అత్తకు నేను ఏం మొహం పెట్టుకోని చెప్పేది?" తిడుతూనే త్రాసుకు పెట్టాడు, తిడుతూనే కత్తిపీటకు పెట్టాడు. నా కళ్ళ ముందు సేలం బస్సు కనిపించింది. నేను తల వంచుకుని ఏడుస్తున్నాను (ఈసారి నిజంగానే). తల ఎత్తేసరికి నాయన బీరువా మీంచి లాప్‌టాప్ దించి, వరుస చివర కత్తిపీట పక్కన పెట్టి, మూత తెరిచి, పైన సరిగ్గా మధ్యలో చందనం అద్ది, దాని మీద కుంకుమ పెడుతున్నాడు. నోరు మాత్రం ఆగలేదు. "ఆడపిల్ల నాలుగు రాళ్ళు సంపాదించేదానికి ఇదా దొరికింది..."

నాకేమీ అర్థం కాలేదు. అవ్వ దగ్గరికి జరిగి, "అవ్వా, ఒప్పుకున్నాడా, లేదా?" అని చెవిలో అడిగాను. అవ్వ నోట్లో పళ్ళు లేవు, నవ్వితే ఒళ్ళంతా కదిలేది. "పనిముట్టుకే గదా పాపా బొట్టు పెట్టేది. సేలానికి పంపించేవాడు దానికి ఎందుకు పెడతాడు?" అంది.

ఆ బొట్టు సరిగ్గా కెమెరా కన్ను మీద పడింది. పండగ తర్వాతి వీడియో కాల్‌లో మేడం, "మీ వైపు అంతా ఎర్రగా కనిపిస్తోంది, ఏమైనా పాడైందా?" అని అడిగారు. తుడవడానికి నాకు మనసొప్పలేదు. పాడవలేదు మేడం అని మాత్రం చెప్పాను. నాలుగో డబ్బా గురించి ఆవిడ ఒక్క మాటే అన్నారు, "సరే." ఆవిడ నవ్వారో లేదో ఈసారి కూడా నాకూ తెలియలేదు, అన్నకూ తెలియలేదు. కానీ తర్వాతి నెల ఇంకో ఆట అభిప్రాయాలు వచ్చాయి, నేను వాటిని చదివాను. నాయన చెప్పినట్టు ఆ ఆఫీసు మూసేశారు కూడా, కాకపోతే రేపు కాదు, నాకు పెళ్ళి కుదిరే నాటికి.

ఇప్పుడు ఆదివారాలు నాయన మా ఇంటికి వస్తాడు. వచ్చేసరికి మనవరాలు కిటికీ ఊచల మీద ఉంటుంది. "ఇదేమి బిడ్డ, ఇదేమి పెంపకం? కోతులు నయం! నీకు బుద్ధి ఉండాదా, తల్లివేనా నువ్వు?" అని నన్ను చెడామడా తిడతాడు. తిడుతూనే చెప్పులు విడిచి, కిటికీ కింద రెండు చేతులూ చాచి నిలబడతాడు. అది దూకుతుంది. పట్టుకుంటాడు. "ఇంకొకసారి దూకు," అంటాడు. నేను వద్దనబోయి, నిలబడి చూస్తాను.

ఇదంతా రాశాక, ఆయన చదవలేడు కదా అన్న ధైర్యం ఎందుకో చప్పబడిపోయింది. వచ్చే ఆదివారం చదివి వినిపించాలనిపిస్తోంది. ఏమంటాడో నాకు తెలుసు. అంతా అబద్ధం అంటాడు, పాపారపట్టి ఆయన చెప్పకముందే తాను ఎర్ర పైపు చూశానంటాడు, మొదటి నుంచి మళ్ళీ చదవమంటాడు. ఇది తలుచుకుంటే, పైపుల అంగడి మీది ఆ గదిలో, మూడు డబ్బాలు ముందు పెట్టుకుని, ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్న ఆ పిల్ల నాకు గుర్తొస్తుంది. ఎంత భయపడేది! మనుషులను ఎక్కడో ఒకచోట వేసేయకపోతే తన ఉద్యోగం పోతుందని. ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుని, తొందరేమీ లేదమ్మా అని చెప్పి రావాలనుంది. కానీ మంచం మీద ఏదో కదిలింది, దుప్పటి ఖాళీగా కనిపిస్తోంది, నేను లేవాలి.